పంటిసందుల్లో చరిత్ర

మా వదినగారికి అరవై నాలుగేళ్ళు. రాజమండ్రిలో వుంటారు. ఆవిడ ఇంట్లో ఏ వస్తువూ ఖాళీగా కూర్చోవడానికి వీల్లేదు. చిరిగిన చీర బొంతవుతుంది, హార్లిక్సు సీసాలో ఆవాలు పోస్తారు, పెళ్ళిశుభలేఖల వెనక చాకలిపద్దు రాస్తారు. అలాంటి ఇంట్లో ఒక వస్తువు మాత్రం ఆరునెలలపాటు అట్టపెట్టెలోంచి బయటికి రాకుండా బీరువా మీద దర్జాగా కూర్చుంది. అమెరికాలో వున్న కొడుకు పంపించాడు. దాని పేరు వాటర్ ఫ్లాసర్‌ట.

"ఏమమ్మాయ్, నువ్వు కథలూ అవీ రాస్తావు కదా, నాలుగు పుస్తకాలు తిరగేస్తావు. ఇది నాకు మంచిదో చెడ్డదో కాస్త కనుక్కుని చెప్పు" అన్నారు ఫోనులో, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య దగ్గుతూ.

ఆ దగ్గే అసలు చిక్కు. చిన్నప్పుడు కోరింతదగ్గు వచ్చి తగ్గిందట గాని, పోతూ పోతూ ఆవిడ ఊపిరితిత్తుల్లో ఒక గుర్తు వదిలి పోయింది. డాక్టర్లు బ్రాంకియెక్టాసిస్ అంటారు. ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు వెడల్పై, వదులైపోయి, కఫం పైకి రాకుండా అక్కడే నిలిచిపోయే జబ్బు. దానికి తోడు ఈమధ్య చిగుళ్ళలోంచి రక్తం. పళ్ళ డాక్టరుగారు చూసి, పళ్ళ సందులు శుభ్రం చెయ్యాలి, రోజూ దారంతో చెయ్యండి అన్నారు. వేళ్ళ కీళ్ళు వాచి పూలే కట్టుకోలేని మనిషి దారం ఎక్కడ దూరుస్తుంది? అందుకని కొడుకు ఈ మిషను పంపాడు. ఇంతలో పక్కింటావిడ వచ్చి, "అమ్మో, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయండీ, మీకసలే దగ్గు" అని భయపెట్టేసింది. అదీ సంగతి.

అప్పటికి ఆ మిషను నేనూ చూడలేదు. చూశాక తెలిసింది, అందులో పెద్ద మాయేమీ లేదు. ఒక చిన్న నీళ్ళ డబ్బా, ఒక మోటారు, ఒక సన్నని గొట్టం, చివర సూదిమొనలాంటి నాజిలు. మీట నొక్కితే నీళ్ళు సన్నని ధారగా, ఆగి ఆగి కొట్టుకుంటూ వస్తాయి. పంటిసందులో ఇరుక్కున్నది ఆ ధారకి కొట్టుకుపోతుంది. మనం వాకిలి కడిగేటప్పుడు గొట్టం చివర బొటనవేలు అడ్డంపెట్టి మూలల్లోకి నీళ్ళు కొడతామే, అదే ఇది.

కనుక్కోమన్నారు కదా అని మొదలుపెట్టినదాన్ని, ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాను. పంటిసందుల్లో ఇంత చరిత్ర వుందని నాకేం తెలుసు!

మన చిన్నతనానికి చరిత్రంటే వేపపుల్ల, కచిక, ఉప్పు, కోతిమార్కు నల్ల పళ్ళపొడి. మా అమ్మమ్మ వేపపుల్ల నమిలి, చివరికి దాన్ని నిలువునా చీల్చి నాలుక గీసుకుని గాని కాఫీ ముట్టేది కాదు. పూర్వం వైద్యగ్రంథాలు రాసినవాళ్ళు కూడా ఈ పుల్ల గురించి చాలా చెప్పారు. ఏ చెట్టు పుల్ల మంచిది, ఎంత పొడుగుండాలి, ఎప్పుడు తోముకోవాలి అని చరకుడూ సుశ్రుతుడూ రాశారు. వాళ్ళ తరవాత, ఏడో శతాబ్దం ప్రాంతంలో, వాగ్భటుడు అష్టాంగహృదయం రాశాడు. అందులో పుల్ల వాడమని చెప్పిన వెంటనే, ఎవరు వాడకూడదో కూడా వరసగా చెప్పాడు. అజీర్ణం వున్నవాళ్ళు, వాంతులవుతున్నవాళ్ళు, జ్వరం వున్నవాళ్ళు, నోరు పూసినవాళ్ళు. వాళ్ళతోపాటు ఆయాసం వున్నవాళ్ళు, దగ్గు వున్నవాళ్ళు!

చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. మా వదినగారు అడిగిన ప్రశ్న పదమూడు వందల ఏళ్ళ క్రితమే ఎవరో అడిగారన్నమాట. "అయ్యా, నాకు దగ్గు. పళ్ళు ఎలా తోముకోను?" అని. వాగ్భటుడి కాలంలో జవాబు "వద్దు" అని వచ్చింది.

కాని ఇవాళ ఆ జవాబుతో ఆగిపోవడానికి లేదు. ఎందుకో తెలియాలంటే హాలెండు వెళ్ళాలి.

డెల్ఫ్ట్ అనే ఊళ్ళో లీవెన్‌హుక్ అని ఒక బట్టల వ్యాపారి వుండేవాడు. తన భూతద్దాలు తనే అరగదీసుకుని కనిపించిన ప్రతిదాన్నీ చూసేవాడు. 1683లో తన పంటిసందుల్లోంచి తెల్లటి పాచి గీకి, నీటిచుక్కలో కలిపి చూశాడు. అందులో చిన్న చిన్న ప్రాణులు గిరగిరా తిరుగుతున్నాయి! ఆ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. రోజూ ఉప్పుతో పళ్ళు రుద్దుకునే శుభ్రమైన మనిషి ఆయన. అయినా సందుల్లో మిగిలిపోయింది. ఇక పుట్టి బుద్ధెరిగాక పళ్ళు తోమని ఒక ముసలాయన నోట్లోది తీసి చూస్తే సరేసరి.

అంతటితో వూరుకున్నాడా? వెనిగరు పోసి చూశాడు. పాచి పైపైన వున్నవి చచ్చాయి గాని, ఆ పాచి లోపల దాక్కున్నవి చావలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది. 1692లో ఇంకోసారి చూసుకుంటే ముందుపళ్ళ మీద ప్రాణులు కనబడలేదుట. పొద్దున్నే వేడివేడి కాఫీ తాగుతున్నాను కదా, ఆ వేడికి పోయి వుంటాయి అనుకున్నాడు. మావారికి ఇది చదివి వినిపించాను. అది పొరపాటే అయింది. రెండో కప్పు అడిగారు.

అక్కణ్ణించి కథ నెమ్మదిగా నడిచింది. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ ఊళ్ళో పార్మ్‌లీ అనే దంతవైద్యుడు 1819లో ఒక పుస్తకం రాసి, మైనం పట్టించిన పట్టుదారంతో పంటిసందులు శుభ్రం చేసుకోమన్నాడు. పట్టుదారం! మనకి పట్టుచీర అంచు పీకినా ప్రాణం పోతుంది. 1938లో నైలాను కుచ్చుల బ్రష్షు వచ్చింది. అంతకుముందు దొరల బ్రష్షులకి పందివెంట్రుకలు వుండేవి. మన పెద్దవాళ్ళు బ్రష్షు అంటే ముక్కు మూసుకున్నారంటే తప్పు పట్టలేం.

ఇక మా వదినగారి మిషను. దాని పుట్టిల్లు అమెరికాలో కొలరాడో రాష్ట్రం, ఫోర్ట్ కాలిన్స్ అనే ఊరు. జెరాల్డ్ మోయర్ అని ఒక దంతవైద్యుడు, జాన్ మాటింగ్లీ అని ఒక ఇంజనీరు, ఇద్దరూ కలిసి చేశారు. 1962లో వాటర్ పిక్ అన్న పేరుతో జనం చేతికొచ్చింది. ఒకాయనకి నోరు తెలుసు, ఒకాయనకి నీరు తెలుసు. మొగుడూ పెళ్ళాల్లా కుదిరింది జోడీ.

సరిగ్గా మరుసటి ఏడు, 1963లో, బ్లేక్ అనే ఆయన బ్రిటిష్ డెంటల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. దంతవైద్యుల దగ్గర నోట్లోకి నీళ్ళు చిమ్మే యంత్రాలుంటాయి కదా, వాటి నీళ్ళ డబ్బాల్లో సూక్ష్మజీవులు పెరుగుతున్నాయని. నీళ్ళు చూస్తే తేటగానే వుంటాయి. కాని సన్నని గొట్టాల లోపలి గోడలకి కంటికి కనబడని జిగురుపొర పడుతుంది. మన బావిగట్టు మీద నాచు పడుతుందే, అలా. ఆ పొరలో సూక్ష్మజీవులు కాపురాలు పెడతాయి. లీవెన్‌హుక్ వెనిగరు చొరలేని పాచి అన్నాడే, దానికి ఇది అక్కచెల్లెలే.

ఆ నీళ్ళు తాగితే ఏమవుతుంది అంటారా? చాలావరకు ఏమీ కాదు. కడుపు చాలా గట్టిది. సున్నితమైనది ఊపిరితిత్తి. ఈ తేడా లోకానికి తెలిసొచ్చింది 1976లో. ఆ ఏడు జులైలో ఫిలడెల్ఫియా నగరంలో ఒక పెద్ద హోటల్లో మాజీ సైనికుల సభ జరిగింది. సభ ముగిసి ఇళ్ళకి వెళ్ళినవాళ్ళు వరసగా న్యుమోనియాతో పడ్డారు. మొత్తం 34 మంది పోయారు. ఏ జబ్బో, ఏ విషమో, నెలల తరబడి తెలియలేదు. చివరికి జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త, క్రిస్మస్ సెలవుల్లో పాత స్లైడులు మళ్ళీ ముందేసుకుని కూర్చుని పట్టుకున్నాడు. 1977 జనవరిలో ప్రకటించారు. నీళ్ళలో పెరిగే సూక్ష్మజీవి. లెజియొనెల్లా అని పేరుపెట్టారు. తుంపరగా మారి గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోయింది. 2011లో ఇటలీలో ఎనభై రెండేళ్ళ ఒక ముసలావిడ ఇదే జబ్బుతో పోయింది. ఎక్కడ అంటుకుందా అని వెతికితే, ఆవిడ పళ్ళు చూపించుకున్న దంతవైద్యుడి దగ్గర నీటిగొట్టంలో ఆ సూక్ష్మజీవే దొరికింది.

ఊపిరితిత్తుల జబ్బు వున్నవాళ్ళకి ఇంకో శత్రువు కూడా వుంది. క్షయ సూక్ష్మజీవిని 1882లో రాబర్ట్ కోక్ పట్టుకున్నాడని బళ్ళో చదువుకున్నాం. దానికి దాయాదులు చాలామంది వున్నారు. అవి మట్టిలో, కుళాయి నీళ్ళలో వుంటాయి. క్లోరినుకి అంత తొందరగా లొంగవు. ఆరోగ్యంగా వున్నవాళ్ళని సాధారణంగా ఏమీ చెయ్యవు. కాని కఫం నిలిచే ఊపిరితిత్తి దొరికితే తిష్ఠవేస్తాయి. ఒకసారి చేరితే రెండుమూడు రకాల మందులు ఏడాదికి పైగా మింగాలి. 2009లో కొలరాడో విశ్వవిద్యాలయంవాళ్ళు తొమ్మిది నగరాల్లో స్నానాలగదుల షవర్లు విప్పి చూస్తే, దాదాపు మూడోవంతు షవర్లలో ఈ దాయాదుల్లో ఒకటి గట్టిగా స్థిరపడి కనబడింది. చిత్రం చూడండి, మిషను పుట్టిన రాష్ట్రంలోనే ఆ జాగ్రత్తా పుట్టింది.

ఇంత చదివాక నాకూ భయం పట్టుకుంది. "వదినా, దాన్ని అటకమీద పారెయ్యండి" అందామని ఫోను దగ్గరికి వెళ్ళాను కూడా. వెళ్ళి ఆగిపోయాను. ఎందుకంటే అప్పటికే ఇంకో సంగతి చదివి వున్నాను.

జపానులో పదకొండు వృద్ధాశ్రమాల్లో రెండేళ్ళపాటు ఒక పరీక్ష చేశారు. 1999లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చింది. కొందరికి రోజూ నోరు శ్రద్ధగా శుభ్రం చేయించారు. కొందరిని ఎప్పటిలా వదిలేశారు. వదిలేసినవాళ్ళలో నూటికి 19 మందికి న్యుమోనియా వచ్చింది, శుభ్రం చేసినవాళ్ళలో నూటికి 11 మందికి. కారణం తెలుసుకుంటే సులువే. నిద్రలో మనకి తెలియకుండానే కాస్త ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నోట్లో పాచి వుంటే అదీ దానితో వెళుతుంది. అంటే పంటిసందు శుభ్రం చేసుకోకపోయినా ఆ దెబ్బ తగిలేది ఊపిరితిత్తికే! ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు ఆవిడ ఊపిరితిత్తుల డాక్టరుగారికి ఫోను చేసి అడిగాను. ఆయన నా చరిత్రంతా ఓపిగ్గా విని నవ్వారు. "మిషను తప్పేమీ లేదమ్మా. అందులో నిలవ వున్న నీళ్ళదే తప్పు. మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి నేను చెప్పాలా?" అన్నారు.

నిజమే కదా! నిలవంటే ఏమిటో మనకొకరు చెప్పాలా? ఆవకాయ నిలవవుండాలని చూస్తాం, నీళ్ళు నిలవవుండకూడదని చూస్తాం. రాత్రి బిందెలో మిగిలిన నీళ్ళు పొద్దున్నే మొక్కలకి పోసి, చింతపండుతో తోమి, కొత్తనీళ్ళు పట్టి గాని మన అమ్మలు పొయ్యి వెలిగించలేదు. చెంబు కడిగితే బోర్లించాలి. అది ఎవరూ నేర్పకుండానే చెయ్యి నేర్చుకున్న పని. కాని ఈ మిషనులో చెంబు మోటారు పక్కన, మూత కింద వుంటుంది. కనబడదు. కనబడదు కనక మర్చిపోతాం. ఒకసారి నింపితే రెండురోజులు వస్తుందిలే అనుకుంటాం. అక్కడే వస్తుంది చిక్కు.

డాక్టరుగారు చెప్పినవి నేను నా మాటల్లో వదినగారికి చెప్పాను. మీ ఇంట్లోనూ ఆయాసమో, ఆస్త్మానో, పాత దగ్గో వున్నవాళ్ళుంటే పనికొస్తాయి.

కుళాయి నీళ్ళు పోయకూడదు. ఫిల్టరు నీళ్ళయినా సరే, పది నిమిషాలు తెర్లకాగనిచ్చి, మూతపెట్టి చల్లార్చి, గోరువెచ్చగా వున్నప్పుడు పోసుకోవాలి. ఏ పూటకాపూట కొత్త నీళ్ళే. ముందు నాజిలు నోట్లో పెట్టుకుని, తరవాతే మీట నొక్కాలి. లేకపోతే తుంపరంతా మొహాన పడుతుంది, ఊపిరితో లోపలికి పోతుంది. తల వెనక్కి వాల్చకూడదు. బేసిను మీదికి బాగా వంగి, పెదవులు వదులుగా మూసి, నీళ్ళు వాటంతట అవే కారిపోనివ్వాలి. అద్దంలో చూసుకుంటూ చెయ్యాలని సరదా పడకూడదు. ధార అన్నిటికంటే తక్కువలో పెట్టుకోవాలి. ముక్కుతో గాలి పీలుస్తూ, నాలుగు పళ్ళకొకసారి ఆపి ఊపిరి తీసుకోవాలి. నిలబడలేకపోతే స్టూలు వేసుకుని కూర్చోవచ్చు. దగ్గు తెరలు తెరలుగా వస్తున్నప్పుడు, ఆయాసం ఎక్కువగా వున్నప్పుడు, కఫంలో రక్తం కనబడినప్పుడు మిషను ముట్టుకోకూడదు, డాక్టరుకి చూపించుకోవాలి.

పని అయ్యాక డబ్బాలో నీళ్ళు పారబోసి, మీట నొక్కి గొట్టంలో మిగిలినది కూడా పోయేదాకా వుంచి, డబ్బా తీసి కడిగి బోర్లించాలి. పూర్తిగా ఆరాలి. వెనిగరు నీళ్ళు పోసి నడిపిస్తే ఉప్పునీటి గార పోతుంది, మంచిదే. కాని అదొక్కటే చాలనుకోకూడదు. లీవెన్‌హుక్ చెప్పనే చెప్పాడు! నాజిలు ఎవరిది వాళ్ళదే. మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చాలి. బ్రష్షు మానకూడదు, ఇది దానికి తోడేగాని బదులు కాదు. స్టెరాయిడ్ ఇన్‌హేలరు పీల్చేవాళ్ళు పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోరు పూస్తుంది. ఇంత గొడవ మాకెందుకు అనుకునేవాళ్ళకి దారం వుంది, సందుల్లో దూర్చే బుల్లి బ్రష్షులున్నాయి. వాటికి తుంపరే లేదు.

ఇదంతా విని వదినగారు, "ఇంతేనా! మడినీళ్ళ పాటి లేదు" అన్నారు.

ఇక్కడితో ఆపేద్దును. కాని ఈ వెతుకులాటలో దొరికిన ఒక పేరు నన్ను వదలడం లేదు. క్షయ దాయాదులని చెప్పానే, ఆ జబ్బు పెద్దవయసు స్త్రీలలో, ముఖ్యంగా బక్కపల్చగా వుండేవాళ్ళలో, ఒక రకంగా కనబడుతుంది. 1992లో ఇద్దరు అమెరికా డాక్టర్లు దానికి లేడీ విండర్మియర్ సిండ్రోమ్ అని పేరుపెట్టారు. ఆస్కార్ వైల్డ్ 1892 నాటి నాటకంలో నాయిక పేరు అది. ఎందుకా పేరంటే, మర్యాద కోసం దగ్గు ఆపుకునే ఆడవాళ్ళలో కఫం లోపలే నిలిచి ఈ జబ్బు వస్తుందేమోనని వాళ్ళ ఊహ. ఆ ఊహ ఋజువు కాలేదు. పైగా నాటకంలో ఆ అమ్మాయికి ఇరవయ్యొకటో పుట్టినరోజు. ఎక్కడా దగ్గదు కూడా! ఇప్పుడు ఆ పేరు తప్పని చాలామంది అంటున్నారు.

పేరు తప్పే కావచ్చు. కాని దగ్గు ఆపుకునే ఆడవాళ్ళు నాకు తెలియదా? కట్టెలపొయ్యి ముందు గొట్టంతో ఊదీ ఊదీ, కళ్ళు తుడుచుకుని, పొగ పీల్చి పీల్చి, హాల్లో మగవాళ్ళు కూర్చున్నారని కొంగు నోట్లో కుక్కుకున్న వాళ్ళు మా ఇంట్లోనే ముగ్గురున్నారు. ఎన్నడూ సిగరెట్టు ముట్టని ఆ ఊపిరితిత్తులు ఎలా పాడయ్యాయో ఎవరూ అడగలేదు. వదినగారు కూడా అంతే. పెళ్ళిళ్ళకి పిలిస్తే వెళ్ళరు. "ముహూర్తం వేళ దగ్గొస్తే బాగుండదు" అంటారు. ఆవిడ జబ్బుకి కఫం బయటికి తెచ్చుకోవడమే సగం వైద్యం అని డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా సరే.

మొన్న సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళాం. వంటింటి గట్టు మీద ఇత్తడి చెంబు, పాలగిన్నె, పక్కనే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి, మూడూ బుద్ధిగా బోర్లించి వున్నాయి. నాకు నవ్వొచ్చింది. సాయంత్రం ముందుగదిలో బంధువులంతా కూర్చుని వుండగా వదినగారికి దగ్గు తెర వచ్చింది. అలవాటుగా చెయ్యి కొంగు మీదికి వెళ్ళింది. ఒక్క క్షణం ఆగారు. ఆ తరవాత రుమాలు తీసుకుని, పక్కకి తిరిగి, తీరిగ్గా, కఫం తెగేదాకా దగ్గారు. ఎవరో మంచినీళ్ళు అందించారు.

గ్లాసు అందుకుని, తాగేముందు ఒకసారి నా వైపు చూశారు. "ఇవి పొద్దుటివి కాదు కదా?" అన్నారు.